డబ్బు కట్టని కొయ్యగుర్రం

మూడోసారి కూడా ఆ చిత్రికను వేలంలో కొయ్యగుర్రమే గెలుచుకున్నాడు. మూడోసారి కూడా డబ్బు కట్టలేదు.

కొయ్యగుర్రం అంటే మనిషే. మేము పాత సామాన్లు అమ్మే ఆన్‌లైన్ వేలంలో అసలు పేరుతో ఎవరూ రారు. ఒకడు పులిపంజా, ఒకావిడ వెన్నెల, ఇంకొకాయన నిజాయితీపరుడు. ఈ నిజాయితీపరుడు మా దగ్గర నిలువుటద్దం కొని, తన ఇంట్లో పగలగొట్టుకుని, మీరు పగిలిందే పంపారంటూ వారం పాటు నా ప్రాణం తీశాడు. పేరులోనే గుణం తగిలించుకున్నవాళ్ళని అప్పటినుంచి నేను దూరం పెడతాను. కొయ్యగుర్రం పేరులో అలాంటిదేమీ లేదు కాబట్టి మొదటిసారి నమ్మాను.

ఈ వ్యాపారంలో నేను చూడని రకం లేదు. "ఇంకా ఉందా?" అని అడిగి, ఉందని చెప్పగానే మాయమైపోయేవాళ్ళు ఉంటారు. గెలిచాక "మా ఆవిడ ఒప్పుకోవట్లేదండీ" అనేవాళ్ళు ఉంటారు. ఆ ఆవిడలంతా కలిసి ఒక సంఘం పెట్టుకోవచ్చు. కొన్న కుర్చీలో నెల్లాళ్ళు హాయిగా కూర్చుని, నడుముకి పడలేదని వెనక్కి పంపినాయన ఒకడు. ఇక అమ్మేవాళ్ళు వీళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివారు. టేకు కుర్చీ అని ఫోటో పెట్టి, అట్టలాంటి చెక్కకి రంగు పూసి పంపినవాడిని ఫోన్లో నిలదీస్తే, "టేకు రంగు అని రాశానమ్మా, మీరే సరిగా చదవలేదు" అన్నాడు. వెతికితే నిజంగానే రాశాడు, చీమ తలకాయంత అక్షరాలతో.

మా ఇంట్లో పని అలా పంచుకున్నాం. పాత కుర్చీలూ బల్లలూ చూసి కొనడం నా వంతు. వాటిని విప్పి, గీకి, అతికి, మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబెట్టడం మా ఆయన వంతు. ఆ తర్వాత ఫోటోలు తీసి వేలానికి పెట్టడం మళ్ళీ నాది. ఆయనకి ఒకే ఒక్క షరతు ఉండేది.

"లోపాలు ముందు రాయి. గొప్పలు తర్వాత."

మా ప్రకటనలన్నీ అలాగే మొదలవుతాయి. 'వెనక కాలు ఒకసారి విరిగి అతికినది.' 'వానపడితే సొరుగు బిగుసుకుంటుంది.' 'చేతి మీద సిగరెట్ కాలిన మచ్చ ఉంది, పోదు.' అది ఏ చెక్క, ఎంత పాతది, ఎంత ముచ్చటగా ఉంది అన్నది ఆ తర్వాతే. ఇలా రాస్తే చచ్చినా ఎవరూ కొనరని మొదట్లో ఆయనతో పోట్లాడాను. కొన్నారు. లోపం ముందే తెలిసి కొన్నవాడు వెనక్కి పంపడు. మా ఖాతాకి ఉన్న అయిదు స్టార్లూ అలా వచ్చినవే.

తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే చెయ్యి మాట వినలేదు. కాలు మెల్లగా తేరుకుంది, మాట తిరిగి వచ్చింది, మూతి కొంచెం పక్కకి ఉండిపోయింది. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. బద్ధకంగా కదులుతుంది గానీ స్పర్శ లేదు. వేడినీళ్ళలో పెట్టినా, గుండుసూదితో పొడిచినా దానికి తెలియదు. డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి" అన్నాడు. దీనిమీద అన్నాడు. అక్కడేదో బల్లమీద పెట్టిన వస్తువు గురించి చెప్పినట్టు.

నేను ఏడవలేదు. ఆపుకోలేదు, అసలు రాలేదు. మందులు వెయ్యడం, స్నానం చేయించడం, చొక్కా గుండీలు పెట్టడం, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోయాను. మా అక్క ఫోన్ చేసి, "నీ గుండె రాయి అయిపోయిందే" అంది. రాయి అయితే బరువైనా తెలియాలి కదా. నాకు అదీ తెలియలేదు. ఆయన చెయ్యి ఎలా ఉందో నేను మొత్తం అలాగే ఉన్నాను.

పనిముట్లు అమ్మేద్దామా అని నేనే అడిగాను. ముందుగది నిండా అవే ఉన్నాయి, వాడే మనిషి లేడు. ఆయన గోడవైపు చూస్తూ, "అమ్మేసెయ్. ఉంచుకుని ఏం చేస్తాను, నెత్తిన పెట్టుకుంటానా?" అన్నారు. ఆయన అంత తేలిగ్గా అనేసరికి నేనూ తేలిగ్గానే తీసుకున్నాను.

రంపాలు పోయాయి. ఉలులు పోయాయి. కన్నాలు తొలిచే బరమా, మూలమట్టం, కొయ్యసుత్తి, అన్నీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. కొన్నవాళ్ళు డబ్బు కట్టారు, పార్సిల్ అందిందని రాశారు. ఏ ఒక్కటి కట్టేటప్పుడూ నాకేమీ అనిపించలేదు. టేపు లాగడం, కత్తిరించడం, అడ్రసు అంటించడం, అంతే.

చివరికి చిత్రిక మిగిలింది. చెక్కను నున్నగా చేసే పనిముట్టు అది. మూరెడు పొడవు కర్రదిమ్మ, మధ్యలో ఏటవాలుగా దిగిన ఇనపబ్లేడు, వెనక పిడి. ఆయనకి పని నేర్పిన మేస్త్రి పోయే ముందు పిలిచి ఇచ్చాడు. పిడి పక్కన, ఏళ్ళ తరబడి బొటనవేలు ఆనీ ఆనీ, చెక్కలో చిన్న గుంట పడింది. "నేను చూడక్కర్లేదు, వేలు దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది" అనేవారు. లోపాలు ముందు కాబట్టి నేను ఆ ముక్కతోనే మొదలుపెట్టాను. 'పిడి పక్కన వేలి గుంట ఉంది.'

మొదటి రోజునుంచీ దానిమీద కన్నేసినాయన ఒక బడిలో పిల్లలకి చెక్కపని నేర్పే మాస్టారు. ఆ సంగతి ప్రశ్నల డబ్బాలో ఆయనే రాసుకున్నాడు. మాస్టారు ఒక ధర పెట్టేవాడు, ఎవరో ఇంకొకరు కొంచెం పెంచేవారు, మాస్టారు మళ్ళీ పెంచేవాడు. వేలం ముగిసే ఆఖరి నిమిషంలో ఎక్కడినుంచో కొయ్యగుర్రం ఊడిపడి, అందరి మీదా ఒక మెట్టు ఎక్కి కూర్చునేవాడు. గెలిచేవాడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. డబ్బు ఎప్పుడు కడతారని ఎన్నిసార్లు రాసినా గోడకి చెప్పుకున్నట్టే. సైటు వాళ్ళకి మొరపెట్టుకుంటే, 'మీకు కలిగిన అనుభవానికి చింతిస్తున్నాం' అని ఒక యంత్రం జవాబిచ్చేది. గడువు తీరాక అమ్మకం రద్దయ్యేది, నేను మళ్ళీ మొదటినుంచీ పెట్టేదాన్ని. మధ్యలో ఒకసారి మాస్టారికే ఇస్తానని రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ దొంగపాట లేకపోతే ఇంకా తక్కువకే వచ్చేదని, మళ్ళీ వేలం పెట్టమని, పద్ధతి ప్రకారమే కొంటానని జవాబు రాశాడు.

మూడోసారి అయ్యాక ఫోన్ చేశాడు.

"అమ్మా, చెక్కపని మాస్టారిని."

"చెప్పండి మాస్టారూ."

"ఎవడమ్మా ఈ కొయ్యగుర్రం? నేను ఎంత అంటే దానిమీద కొంచెం ఎక్కువ. ప్రతిసారీ ఆఖరి నిమిషంలోనే. గెలిచినవాడు డబ్బు కట్టడు, మీరు మళ్ళీ వేలం పెడతారు. ఏమిటిదంతా?"

"నాకూ అర్థం కావట్లేదండీ. నేనూ వాడితో పడలేక చస్తున్నాను."

"నాకు అర్థమైంది. వాడు మీ మనిషే. ధర పెంచడానికి మీరే కూర్చోబెట్టుకున్నారు."

నేను మాట్లాడేలోపే ఆయన తన మాట పూర్తిచేశాడు. ఈసారి కూడా ఇలాగే జరిగితే సైటు వాళ్ళకి రుజువులతో సహా ఫిర్యాదు చేస్తానని, మా ఖాతా మూయించేదాకా ఊరుకోనని అన్నాడు. మా ఆయన చెయ్యి పడిపోయాక మేము బతికేది ఆ ఖాతా మీదే. ఇరుగుపొరుగు వాళ్ళ పాత సామాన్లు మా పేరుమీద అమ్మిపెడితే వాళ్ళు ఇంత అని ఇస్తారు. మా స్టార్లు చూసే ఇస్తారు. ఆ స్టార్లు రాలిపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

అది తలుచుకుంటే భయం వేయాలి. నాకు వచ్చింది కోపం. చాలా రోజుల తర్వాత వచ్చిన కోపం, చేతిలో ఏముంటే అది విసిరేసే రకం.

"చూడండి మాస్టారూ, వాడు మా ఇంటి మనిషని తేలిందా, ఆ చిత్రిక మీకు ఊరికే ఇచ్చేస్తాను. పైసా ముట్టుకోను. ఇదిగో, మాటిస్తున్నాను!"

"సరే. ఆ మాట గుర్తుపెట్టుకోండి" అని ఆయన పెట్టేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అప్పుడు మాత్రం నేను జారాననుకోలేదు, గట్టిగా బుద్ధి చెప్పాననుకున్నాను. లోపలి గదిలోంచి రబ్బరు బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. ఆయన వ్యాయామానికి నొక్కే బంతి. తీసుకెళ్ళి చేతిలో పెట్టాను.

"ఎవరు ఫోను?" అన్నారు.

"ఎవరో అనుమానపు మాస్టారు. కొయ్యగుర్రం మన మనిషట."

"అనుకోనీ" అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాలుగోసారి వేలం పెట్టే ముందు చిత్రికను కిటికీ దగ్గరికి తెచ్చి తుడిచాను. తిరగేస్తే అడుగుభాగంలో, బ్లేడు బయటికి వచ్చే సందు పక్కన, సన్నగా నల్లటి గీత కనిపించింది. ఇన్నాళ్ళూ నేను దాన్ని బోర్లించి చూడనేలేదు. ఫోటో తీయబోతే ఆ గీత ఎంతకీ పడలేదు. సరే, పాత ఫోటోలే ఉంచి, మా ఇంటి పద్ధతి ప్రకారం మొదటి వాక్యం మార్చాను. 'అడుగున పగులు ఉంది.' పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను.

మధ్యాహ్నం చూస్తే ప్రకటన కింద ఒక ప్రశ్న ఉంది. ప్రశ్న కూడా కాదు.

'అది పగులు కాదు. చెక్కలో రేఖ. దయచేసి సరిచేయండి.'

రాసినవాడు కొయ్యగుర్రం.

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని రోజులుగా నోరు విప్పనివాడు, పైసా కట్టనివాడు, ఇప్పుడు నా రాతకి తప్పులు దిద్దుతాడా! 'ముందు డబ్బు కట్టి తర్వాత పాఠాలు చెప్పండి' అని రాశాను. అది చాల్లేదు. 'అయినా ఫోటోలో లేనిది మీకెలా కనిపించింది?' అని రాయడం మొదలుపెట్టాను. సగంలో నా వేళ్ళు ఆగిపోయాయి.

ఆ చిత్రికను బోర్లించి చూసినవాళ్ళు లోకంలో ముగ్గురే. మేస్త్రి పోయాడు. రెండో మనిషిని నేను.

ఆ పేరు చూసినప్పుడే నాకు వెలగాల్సింది. మేము ఈ సైట్లో అమ్మిన మొట్టమొదటి వస్తువు పిల్లలు ఎక్కి ఊగే కొయ్యగుర్రం. 'ఒక చెవి లేదు' అన్నది నేను రాసిన మొదటి లోపం. ఎక్కడెక్కడి మోసగాళ్ళనో వాసన పట్టే దాన్ని, నా పక్కగదిలో ఉన్నవాడిని కనిపెట్టలేకపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఊరికే అనలేదు.

లోపలికి వెళ్ళాను. ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ఎడమ అరచేతిలో ఫోను, దానిమీద కుడిచేతి చూపుడువేలు. నన్ను చూసి దాచుకోలేదు.

"పగులు కాదా?" అన్నాను.

"కాదు." ఆయనకి నిజంగానే కోపంగా ఉంది. పక్కకి తిరిగిన మూతి ఇంకాస్త పక్కకి వెళ్ళింది. "మేస్త్రి చేతికిచ్చిన రోజునుంచీ ఉంది ఆ రేఖ. చెట్టుతో పుట్టింది. పగిలిన చిత్రికతో పనిచేశానా నేను ఇన్నాళ్ళూ?"

"మాస్టారితో నేనన్న మాట విన్నారు కదా?"

"విన్నా."

"విని కూడా రాశారా?"

"రాయకూడదనే అనుకున్నా. పొద్దున్నుంచీ ఆపుకుంటూనే ఉన్నా. కానీ పగులని ఎలా రాస్తావు నువ్వు?"

నేను మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. "అమ్మొద్దని నాతో ఒక్క మాట అంటే అయిపోయేది కదండీ."

"అమ్మొద్దని కాదు." ఫోను పక్కన పెట్టారు. "వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది కదా, ఈ చేత్తోనే ఫోను నొక్కమని. నొక్కుతున్నా. అద్దం మీద వేలు ఆనిందో లేదో నాకు తెలియదు. చూస్తేనే తెలుస్తుంది. మన చిత్రిక ఎంతకి పోతుందోనని తెరిచా. ఖాతా ఉంటేనే లోపలికి రానిస్తానంది సైటు, తెరుచుకున్నా. ఊరికే వేలు పెట్టా. ధర మారింది."

"మారితే?"

"మారితే ఏముంది. ఈ వేలు ఒక పని చేసింది. అది బయటికి కనిపించింది. ఎక్కడో మాస్టారు కూడా ఉలిక్కిపడే ఉంటాడు." ఆ చేతిని ఆయన ఎదుటివాళ్ళ చేతిని చూసినట్టు చూశారు. "మంచాన పడ్డాక ఇది చేసిన మొదటి పని అదే."

"మిగతావి అమ్ముతుంటే మరి పాడుకోలేదేం?"

"అవి పోతే పోనీ అనిపించింది. దీని దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయా. డబ్బు కట్టలేనని తెలుసు. తప్పేనని కూడా తెలుసు."

నాకు కోపం రావాలి. లోపల ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. దుఃఖం కూడా దొరకలేదు. ఏం చేయాలో మాత్రం చాలా తేలిగ్గా కనిపించింది. ఆ ప్రశ్న చెరిపేసి, వేలం తీసేస్తే సరి. మాస్టారికి ఎప్పటికీ తెలియదు. ఖాతా ఉంటుంది, చిత్రికా ఉంటుంది. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మాటిచ్చావు."

"కోపంలో అన్నాను."

"కోపంలో ఇచ్చినా అది మాటే. నీ మాట పోతే ఇంక మన దగ్గర అమ్మడానికేం మిగులుతుంది? ఫోన్ చెయ్యి. లోపాలు ముందు చెప్పు."

చేశాను. "మాస్టారూ, మీరన్నదే నిజం. కొయ్యగుర్రం మా ఇంటి మనిషే. మా ఆయన. నాకూ ఇందాకే తెలిసింది. చిత్రిక మీది, వచ్చి తీసుకెళ్ళండి" అన్నాను. తిడతాడనుకున్నాను. "రేపు బడి అయ్యాక వస్తాను" అని మాత్రం అన్నాడు.

వచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు, చొక్కా చేతుల మీద రంపపుపొట్టు. గుమ్మంలో నిలబడ్డప్పుడు మొహం చూస్తే పోట్లాటకి సిద్ధపడి వచ్చినట్టే ఉంది. లోపల మంచం మీద మా ఆయన్నీ, ఒళ్ళో పెట్టుకున్న ఆ చేతినీ చూశాక ఆ పోట్లాట ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. జేబులోంచి డబ్బు తీయబోయాడు.

"వద్దు మాస్టారూ. ఊరికే అన్నాం, ఊరికే" అన్నారు మా ఆయన.

మాస్టారు చిత్రికను చేతిలోకి తీసుకుని, బోర్లించి, వెలుగుకి పెట్టి చూశాడు. ఆ గీత వెంట వేలు నడిపాడు. "పగులు కాదమ్మా ఇది. రేఖ" అన్నాడు నాతో. మా ఆయన నావైపు చూసిన చూపుకి లోకంలో ఉన్న స్టార్లన్నీ చాలవు.

"ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి" అన్నారు.

మాస్టారు దాన్ని ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, పిడి మీద పెట్టి, ఒక్కో వేలూ మడిచి, బొటనవేలిని పక్కకి జరిపారు. నావైపు తిరిగారు.

"కూర్చుందా?"

నాకు ముందు అర్థం కాలేదు. వేలు గుంటలోకి దిగిందో లేదో ఆయనకి తెలియడం లేదు. వంగి చూశాను. చెక్కలోంచి మొలిచినట్టు ఉంది ఆ వేలు.

"కూర్చుంది" అన్నాను.

"ఆ" అన్నారు. కాసేపు అలాగే ఉంచారు. తర్వాత ఆ చేతిని తీసి పక్కన పెట్టుకుని, మాస్టారి చేతిని పట్టి పిడి మీదికి లాగి, ఆయన బొటనవేలిని ఆ గుంటలో పెట్టారు. "ఇక్కడ పెట్టాలి. మీ వేలు కొంచెం పెద్దది. మొదట్లో ఒరుసుకుంటుంది. పిల్లలకిచ్చేటప్పుడు బ్లేడు ఎక్కువ దించకండి."

మాస్టారు తలూపాడు. వెళ్ళేటప్పుడు చిత్రికను గుడ్డలో చుట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాడు. ఆయన ఫిర్యాదు చేయలేదు.

సాయంత్రం సైటునుంచి నాకొక సందేశం వచ్చింది. కొయ్యగుర్రంతో నా లావాదేవీలు మూడూ రద్దయ్యాయని, ఆ కొనుగోలుదారుని గురించి నా అభిప్రాయం రాయమని. ఆయన పక్కన కూర్చునే రాశాను.

"ఎన్ని స్టార్లిచ్చావు నాకు?" అన్నారు.

"ఒకటి. అదీ దయతలచి."

"ఏం రాశావు?"

"లోపాలు ముందు రాశా. గెలుస్తాడు, డబ్బు కట్టడు, అడిగితే పలకడు. పక్కగదిలోనే ఉండి పలకడు."

ఆయన నవ్వారు. సగం మూతితో నవ్వే నవ్వు అది, ఇన్నాళ్ళలో నేను చూడలేదు. "గొప్పలో?"

"ఇంకా రాయలేదు."

"రాయి మరి."

రాద్దామని ఫోను దగ్గరికి తెచ్చుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుని చూసినా మళ్ళీ అలుక్కుపోయాయి. ఫోను వదిలేసి ఆయన కుడిచెయ్యి దొరకపుచ్చుకుని మొహానికి ఆనించుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళదీ కలిపి. ఆయన చెయ్యంతా తడిసిపోయింది. ఆ తడి ఆయనకి తెలియలేదు. చూసి తెలుసుకున్నారు.